ట్యాబ్ బాగానే ఉంది, అప్‌డేటే రాదు

ఇంట్లో ఫోన్లు రెండు మూడేళ్లకోసారి మారిపోతుంటాయి, ట్యాబ్ జోలికి మాత్రం ఎవరూ పోరు. 2020లో ఆన్‌లైన్ క్లాసుల కోసం హడావుడిగా కొన్న ట్యాబ్‌లు ఇప్పటికీ చాలా ఇళ్లలో తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు మూడో తరగతి పాఠాలు విన్న పిల్లలు ఇప్పుడు హైస్కూలు పాఠాలు దాంట్లోనే చూస్తున్నారు, వాళ్లు బడికి పోయాక నానమ్మ దాంట్లోనే సీరియల్ పెట్టుకుంటుంది. స్క్రీన్‌కేం కాదు, స్పీకర్లకేం కాదు, బ్యాటరీ కాస్త దిగినా ఇంట్లోనే కదా, ఛార్జర్ పక్కనే ఉంటుంది. ముందు పాతబడేది లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్. కంపెనీలేమో చాలాసార్లు ఫోన్లకు ఇచ్చినన్నేళ్లు ట్యాబ్‌లకు అప్‌డేట్లు ఇవ్వవు. ఎక్కువకాలం వాడే వస్తువుకు తక్కువ, తక్కువకాలం వాడేదానికి ఎక్కువ. గొడవంతా ఈ తిరకాసు దగ్గరే మొదలవుతుంది.

గూగుల్ సొంత సరుకే చూడండి. 2023 జూన్‌లో పిక్సెల్ ట్యాబ్లెట్ వచ్చింది, ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లు మూడేళ్లు, సెక్యూరిటీ ప్యాచ్‌లు (భద్రతా లోపాలను పూడ్చే చిన్న అప్‌డేట్లు) ఐదేళ్లు ఇస్తామన్నారు. సరిగ్గా నాలుగు నెలలకు అక్టోబర్‌లో పిక్సెల్ 8 ఫోన్ వచ్చింది, దానికి రెండూ ఏడేళ్లు. చిప్ వేరు కదా, అందుకేనేమో అని సర్దిచెప్పుకోవచ్చు. కానీ 2024 చివర్లో గూగుల్ తన పాత ఫోన్లు పిక్సెల్ 6, పిక్సెల్ 7లకు కూడా కొత్త వెర్షన్ల గడువును ఐదేళ్లకు పెంచింది. పిక్సెల్ 7లో ఉన్నది టెన్సర్ జీ2 చిప్, పిక్సెల్ ట్యాబ్లెట్‌లో ఉన్నదీ అదే. ఫోన్‌కు పెరిగింది, ట్యాబ్‌కు పెరగలేదు. ఇక సాంకేతికంగా కుదరదు అనే మాట ఇక్కడ నిలబడదు. ట్యాబ్‌లు ఫోన్లంతగా అమ్ముడుపోవు, ఒక్కో మోడల్‌కు ఏళ్ల తరబడి ఇంజినీర్లను కూర్చోబెట్టి టెస్టింగ్ చేయించడం వాళ్ల లెక్కలో గిట్టుబాటు కాదనే అనుకోవాలి.

ఇంతకీ అప్‌డేట్ అంటే ఏది? సెట్టింగ్స్‌లో "సాఫ్ట్‌వేర్ అప్‌డేట్" అని ఒకటే బటన్ కనిపిస్తుంది కాబట్టి అదంతా ఒకటే పని అనుకుంటారు, కాదు. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో కనీసం నాలుగు రకాల అప్‌డేట్లు నాలుగు దారుల్లో వస్తాయి. "ఎబౌట్ ట్యాబ్లెట్"లోకి వెళ్లి సాఫ్ట్‌వేర్ వివరాలు తెరిస్తే ఆండ్రాయిడ్ వెర్షన్ ఒకచోట, సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఇంకోచోట, గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్ తేదీ వేరే చోట కనిపిస్తాయి. చాలా ట్యాబ్‌లలో ఈ తేదీలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. వెర్షన్ చూస్తే రెండేళ్ల కిందటిది, ప్యాచ్ ఏడాది కిందటిది, ప్లే సిస్టమ్ మాత్రం మొన్నటిది. వీటికి తోడు ప్లే స్టోర్ నుంచి వచ్చే యాప్‌లు, గూగుల్ ప్లే సర్వీసెస్ వాటి దారిన అవి మారిపోతుంటాయి.

వీటిలో జనం ఎదురుచూసేది వెర్షన్ కోసం. అసలు ఎదురుచూడాల్సింది ప్యాచ్ కోసం. 2015 జులైలో స్టేజ్‌ఫ్రైట్ అనే లోపం బయటపడింది. ఆండ్రాయిడ్‌లో వీడియోలను చదివే భాగంలో ఉన్న ఈ లోపంతో, ఒక్క ఎంఎంఎస్ పంపించి ఎదుటివాళ్ల ఫోన్‌లోకి చొరబడొచ్చని తేలింది, అవతలివాళ్లు దాన్ని తెరవాల్సిన పని కూడా లేదు. ఆ దెబ్బకు గూగుల్ ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ బులెటిన్ వేయడం మొదలుపెట్టింది. ప్యాచ్ తేదీలో చివర ఉండే అంకెను ఎవరూ పట్టించుకోరు గానీ దానికో అర్థం ఉంది: చివర 01 అని ఉంటే ఆండ్రాయిడ్‌కు సంబంధించిన లోపాలు మాత్రమే సరిచేశారని, 05 అని ఉంటే వాటితో పాటు కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), చిప్ తయారీదారుల భాగాల్లోని లోపాలు కూడా సరిచేశారని. అంటే 05 ఉంటే ఆ నెల పని పూర్తిగా అయినట్టు. ఈ నెలనెలా పద్ధతి కూడా ఈమధ్య మారింది. 2025 జులై బులెటిన్‌లో ఒక్క ప్యాచ్ కూడా లేదు, సెప్టెంబర్‌లో ఒకేసారి వందకు పైగా వచ్చాయి. అత్యవసరమైనవి వెంటనే, మిగతావి మూణ్నెల్లకోసారి గుత్తగా ఇద్దామని గూగుల్ పద్ధతి మార్చుకుంది. కాబట్టి నెల గడిచినా అప్‌డేట్ రాలేదంటే ట్యాబ్‌ను కంపెనీ వదిలేసిందని అప్పుడే తేల్చేయక్కర్లేదు. ఆర్నెల్లు గడిచినా రాకపోతే మాత్రం అనుమానించాల్సిందే.

అసలు ఆలస్యం ఎక్కడ జరుగుతుంది? గూగుల్ కొత్త వెర్షన్ కోడ్ విడుదల చేస్తుంది. ఆ కోడ్ నేరుగా ట్యాబ్‌లో పనిచేయదు, చిప్ తయారుచేసే క్వాల్కమ్, మీడియాటెక్ లాంటివాళ్లు తమ చిప్‌ను ఆండ్రాయిడ్‌తో మాట్లాడించే డ్రైవర్లు కలిపి ఇవ్వాలి, దాని మీద ట్యాబ్ కంపెనీ తన సొంత హంగులు అద్దుకోవాలి, సిమ్ ఉన్న మోడల్ అయితే నెట్‌వర్క్ పరీక్షలూ ఉంటాయి. ఈ గొలుసులో చిప్ కంపెనీ "ఈ చిప్‌కు ఇక మేం చేయం" అందంటే అక్కడితో కథ ముగిసినట్టే, ట్యాబ్ కంపెనీకి ఇష్టం ఉన్నా చేయలేదు. ఈ ముడిని వదులు చేయడానికే 2017లో ఆండ్రాయిడ్ 8తో ప్రాజెక్ట్ ట్రెబుల్ తెచ్చారు, చిప్‌కు సంబంధించిన భాగాన్ని, ఆండ్రాయిడ్ భాగాన్ని వేరువేరుగా పెట్టి మధ్యలో ఒక స్థిరమైన గీత గీశారు, కింది భాగాన్ని ముట్టుకోకుండా పైభాగాన్ని మార్చుకోవచ్చన్నమాట. 2019లో ఆండ్రాయిడ్ 10తో ప్రాజెక్ట్ మెయిన్‌లైన్ వచ్చింది, ఆడియో, వీడియోలను చదివే కోడెక్‌లు, పర్మిషన్ల వ్యవహారం, టైమ్ జోన్ సమాచారం లాంటి కొన్ని భాగాలను ట్యాబ్ కంపెనీ ప్రమేయం లేకుండా గూగులే ప్లే ద్వారా నేరుగా మార్చేస్తుంది. పైన చెప్పిన ప్లే సిస్టమ్ అప్‌డేట్ అంటే ఇదే. స్టేజ్‌ఫ్రైట్ లాంటి లోపం ఇవాళ ఆ కోడెక్‌లలో బయటపడితే, కంపెనీ వదిలేసిన ట్యాబ్‌కు కూడా మందు అందే అవకాశం కొంత ఉంది. కొంతే. కెర్నల్‌లో లోపముంటే మెయిన్‌లైన్ ఏమీ చేయలేదు.

చిప్ కంపెనీలు కూడా మెల్లగా దారికొచ్చాయి. 2020 డిసెంబర్‌లో క్వాల్కమ్, గూగుల్ కలిసి కొత్త చిప్‌లకు మూడు వెర్షన్ల అప్‌గ్రేడ్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అన్నాయి, 2025 ఫిబ్రవరికి స్నాప్‌డ్రాగన్ 8 ఎలీట్‌తో మొదలుపెట్టి ఎనిమిదేళ్ల దాకా వీలు కల్పిస్తామన్నాయి. శాంసంగ్ 2022లో ట్యాబ్ ఎస్8కు నాలుగు వెర్షన్లు, ఐదేళ్ల ప్యాచ్‌లు అంది, 2024లో ట్యాబ్ ఎస్10కు రెండూ ఏడుకు పెంచింది. వినడానికి బాగానే ఉంది కానీ ఇవన్నీ ఖరీదైన ట్యాబ్‌లు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి పది, పదిహేను వేల రకం, వాటి దగ్గరికొచ్చేసరికి ఈ ఉదారత ఉండదు. కొన్ని కంపెనీలు ఒక్క వెర్షన్ ఇచ్చి చేతులు దులుపుకుంటాయి, కొన్ని అసలు ఎన్నిస్తామో చెప్పనే చెప్పవు.

ఇక్కడే ఇంకో మెలిక, కొనేవాళ్లలో నూటికి తొంభైమంది చూసుకోనిది. మీరు కొన్న రోజు నుంచి కాదు ఆ ఏళ్లు లెక్క. మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. దసరా, దీపావళి సేల్స్‌లో సగానికి సగం ధరకు వచ్చే ట్యాబ్ రెండేళ్ల కిందటి మోడల్ అయితే, నాలుగేళ్ల హామీలో మీ చేతికొచ్చేది రెండేళ్లే. డిస్కౌంట్ ఊరికే రాదు. బాక్సు మీద ర్యామ్ ఉంటుంది, స్టోరేజ్ ఉంటుంది, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్ అనేది (ట్యాబ్‌తో ఫొటోలు ఎవరు తీస్తారో మరి) పెద్దక్షరాల్లో ఉంటుంది, అప్‌డేట్లు ఏ తేదీతో ఆగిపోతాయో అనే ఒక్కటి మాత్రం ఎక్కడా కనిపించదు. యూరప్‌లో ఈ లెక్కను చట్టంతోనే మార్చారు. 2025 జూన్ 20 నుంచి అక్కడ మార్కెట్లోకి వచ్చే ఫోన్లు, ట్యాబ్‌లకు అమలవుతున్న ఎకోడిజైన్ నిబంధనల్లో ఐదేళ్ల అప్‌డేట్ల లెక్క, మోడల్‌ను మార్కెట్లోకి పంపడం ఆపేసిన రోజు నుంచి మొదలవుతుంది. మొదటి పీస్ నుంచి కాదు, చివరి పీస్ నుంచి. సెక్యూరిటీ అప్‌డేట్లు నాలుగు నెలల్లో, ఫీచర్ అప్‌డేట్లు ఆరు నెలల్లో అందాలని కూడా గడువులు పెట్టారు.

మోడల్ పేరు కూడా మోసం చేస్తుంది. శాంసంగ్ ట్యాబ్ ఎస్6 లైట్ అని అడిగి కొన్నారనుకోండి, ఆ పేరుతో మూడు వేరువేరు ట్యాబ్‌లున్నాయి. 2020లో వచ్చినదాంట్లో ఎక్సినోస్ 9611 చిప్, ఆండ్రాయిడ్ 10తో మొదలై 13 దగ్గర ఆగిపోయింది. 2022లో అదే పేరు, అదే ఆకారం, లోపల మాత్రం స్నాప్‌డ్రాగన్ 720జీ, ఆండ్రాయిడ్ 12తో మొదలు. 2024లో మళ్లీ అదే పేరుతో ఎక్సినోస్ 1280, ఆండ్రాయిడ్ 14తో వచ్చింది. పక్కపక్కన పెడితే ఎవరూ గుర్తుపట్టలేరు, పెన్నుతో సహా అంతా ఒకేలా ఉంటుంది. తేడా తెలియాలంటే వెనకాల సన్నటి అక్షరాల్లో ఉండే మోడల్ నంబర్ చూడాలి: వైఫై మోడల్స్‌లో మొదటిది పీ610, రెండోది పీ613, మూడోది పీ620. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు అమ్మేవాళ్లు "ఎస్6 లైట్, మంచి కండిషన్" అంటారే గానీ ఈ నంబర్ చెప్పరు, అడిగి తీరాలి, ఎందుకంటే పీ610కు కొత్త వెర్షన్ల కథ ఎప్పుడో ముగిసింది.

ఇక బటన్ నొక్కాక లోపల ఏం జరుగుతుందో చూద్దాం, చాలామందికి టెన్షన్ అక్కడే. పాత పద్ధతిలో అప్‌డేట్ మొత్తం డౌన్‌లోడ్ అయ్యాక ట్యాబ్ ఆగి, రికవరీ మోడ్‌లోకి వెళ్లి, నడుస్తున్న సిస్టమ్ మీదే కొత్తదాన్ని రాసేది. ఆ పావుగంట, ఇరవై నిమిషాలు ట్యాబ్ దేనికీ పనికిరాదు, మధ్యలో ఛార్జింగ్ అయిపోతే చిక్కే. 2016లో ఆండ్రాయిడ్ 7తో దీనికి మందు కనిపెట్టారు. సిస్టమ్‌కు ఏ, బీ అని రెండు గదులు కేటాయించారు, మీరు ఏ గదిలో ఉండి వీడియో చూసుకుంటుండగానే వెనకాల బీ గదిలో కొత్త వెర్షన్ రాసుకుపోతుంది, అంతా అయ్యాక ఒక్క రీస్టార్ట్‌తో బీ గదిలోకి మారతారు, అక్కడ ఏదైనా తేడా వచ్చి సిస్టమ్ లేవకపోతే ట్యాబ్ ఆన్ అవగానే సిస్టమ్‌ను లేపే బూట్‌లోడర్ తనంతట తనే మళ్లీ ఏ గదికి తెచ్చేస్తుంది. బాగుంది కదా, కానీ రెండు గదులంటే సిస్టమ్‌కు దాదాపు డబుల్ స్టోరేజ్ కావాలి, అందుకే చాలా కంపెనీలు దీన్ని పక్కనపెట్టాయి. ఆండ్రాయిడ్ 11 నుంచి వర్చువల్ ఏ/బీ అని మధ్యేమార్గం వచ్చింది, రెండో గదిని పూర్తిగా కట్టకుండా మారిన భాగాలను మాత్రం ఖాళీ స్టోరేజ్‌లో దాచిపెట్టి తర్వాత కలిపేస్తారు. శాంసంగ్ ఏళ్ల తరబడి ఈ పద్ధతికి దూరంగానే ఉండి, 2024లో గెలాక్సీ ఏ55 ఫోన్‌తో గానీ మొదలుపెట్టలేదు. కాబట్టి మీ దగ్గరున్నది అంతకు ముందరి శాంసంగ్ ట్యాబ్ అయితే అది పాత పద్ధతే. కరెంటు పోయి వచ్చే ఊళ్లో, 15 శాతం ఛార్జింగ్‌తో ఆ బటన్ నొక్కకండి. ఐప్యాడ్ అయితే సగం ఛార్జింగైనా ఉండాలి, లేదా ఛార్జర్‌కు పెట్టాలి అని అదే అడుగుతుంది.

స్టోరేజ్ మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 32 జీబీ ట్యాబ్ అంటే 32 జీబీ మీకు ఉండదు, అందులో పది, పన్నెండు జీబీ పైనే సిస్టమ్‌కు పోతుంది, మిగిలినదాంట్లో పిల్లల గేములు, వాట్సాప్ వీడియోలు నిండిపోయాక అప్‌డేట్‌కు చోటు లేదని మెసేజ్ వస్తుంది. మెమరీ కార్డులో ఎంత ఖాళీ ఉన్నా లాభం లేదు, అప్‌డేట్ ఇంటర్నల్ స్టోరేజ్‌లోనే కూర్చోవాలి. వీడియోలను కార్డులోకి మార్చి లోపల చోటు చేయడం తప్ప వేరే దారి లేదు. ఐప్యాడ్‌లో ఈ సమస్యకు ఒక మార్గం ఉంది, కంప్యూటర్‌కు కేబుల్‌తో కలిపి అప్‌డేట్ చేస్తే డౌన్‌లోడ్ బరువును కంప్యూటర్ మోస్తుంది, ట్యాబ్‌లో అంత ఖాళీ అక్కర్లేదు.

అప్‌డేట్ అయిన వెంటనే "స్లో అయిపోయింది, బ్యాటరీ తినేస్తోంది" అని గోల మొదలవుతుంది. మొదటి రెండు రోజుల గోలను నమ్మకండి. వెర్షన్ మారాక ఆండ్రాయిడ్ ఒక్కో యాప్ కోడ్‌ను కొత్త సిస్టమ్‌కు తగ్గట్టు మళ్లీ కంపైల్ చేసుకోవాలి, ఐప్యాడ్ అయితే ఫైళ్లు, ఫొటోల ఇండెక్స్ మళ్లీ కట్టుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఈ పని ముఖ్యంగా జరిగేది ట్యాబ్ ఛార్జింగ్‌లో ఉండి, ఎవరూ వాడనప్పుడు. అంటే అప్‌డేట్ చేసిన రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి వదిలేస్తే సగం ఫిర్యాదులు పొద్దున్నకల్లా పోతాయి. రోజూ నిద్రపోయేదాకా వాడి, ఛార్జింగ్ లేకుండా పక్కన పడేసే ఇంట్లో ఆ పని వారం దాకా సాగుతూనే ఉంటుంది.

వారం దాటాక కూడా స్లోగానే ఉంటే అది నిజమైన స్లోనే. ఇందులో కంపెనీల పాపం కూడా ఉంది. 2011లో వచ్చిన ఐప్యాడ్ 2ను ఆపిల్ 2015లో ఐఓఎస్ 9 దాకా లాక్కొచ్చింది, 512 ఎంబీ ర్యామ్‌తో అది ఆపసోపాలు పడింది, కీబోర్డ్ మీద అక్షరం నొక్కాక తెర మీద కనిపించడానికి ఆగాల్సి వచ్చేది. 2012 నాటి గూగుల్ ట్యాబ్ నెక్సస్ 7కు 2014లో లాలిపాప్ (ఆండ్రాయిడ్ 5) వేసినప్పుడూ అదే జరిగింది. అంతకు ముందు కిట్‌క్యాట్‌లో (ఆండ్రాయిడ్ 4.4) సాఫీగా నడిచిన ట్యాబ్, 1 జీబీ ర్యామ్‌తో కొత్త వెర్షన్ బరువు మోయలేక హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది. ఎక్కువేళ్లు అప్‌డేట్లు ఇవ్వడం మంచిదే, కానీ చివరి అప్‌డేట్ చాలాసార్లు ట్యాబ్‌కు శక్తికి మించిన బరువు అవుతుంది. కాబట్టి 2, 3 జీబీ ర్యామ్ ఉన్న ట్యాబ్‌కు పెద్ద వెర్షన్ వచ్చిందని చెప్పగానే ఎగబడనక్కర్లేదు, అదే మోడల్ వాడేవాళ్లు ఏమంటున్నారో పదిరోజులు చూసి నొక్కడమే తెలివైన పని.

ఎందుకంత జాగ్రత్త అంటే, వెనక్కి రావడం లేదు. ఆపిల్ ప్రతి ఐప్యాడ్‌ఓఎస్ వెర్షన్‌ను తన సర్వర్ నుంచి సంతకం చేసి ఇస్తుంది, కొత్తది వచ్చిన కొద్దిరోజులకే పాతదానికి సంతకం ఆపేస్తుంది, ఆ తర్వాత పాత ఫైల్ మీ కంప్యూటర్లో పదిలంగా ఉన్నా ట్యాబ్ దాన్ని ఒప్పుకోదు. ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ను తనిఖీ చేసే ఆండ్రాయిడ్ వెరిఫైడ్ బూట్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది, చెరపడానికి వీల్లేని చోట ఒక అంకె రాసిపెట్టి ఉంటుంది, అంతకంటే తక్కువ అంకె ఉన్న సిస్టమ్‌ను బూట్ కానివ్వదు. వినియోగదారుడి మీద కక్షతో పెట్టింది కాదిది, దొంగిలించిన ట్యాబ్‌లో లోపాలున్న పాత వెర్షన్ ఎక్కించి తాళం తెరవకుండా ఉండేందుకు పెట్టింది. కానీ ఫలితం మాత్రం దొంగకూ సొంతదారుకూ ఒకటే.

కొత్తవాటికీ దెబ్బలు తప్పలేదు. 2024 సెప్టెంబర్‌లో ఐప్యాడ్‌ఓఎస్ 18 వచ్చిన రోజే ఎం4 చిప్ ఉన్న ఐప్యాడ్ ప్రోలు కొన్ని అప్‌డేట్ మధ్యలో చచ్చిపోయి మళ్లీ ఆన్ కాలేదు. ఆపిల్ ఆ మోడల్స్‌కు అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది, అక్టోబర్ 3న 18.0.1తో సరిచేసింది. లక్ష రూపాయల ట్యాబ్, మార్కెట్లోకి వచ్చి నాలుగు నెలలు, తయారుచేసిందీ అప్‌డేట్ ఇచ్చిందీ ఒకే కంపెనీ, అయినా జరిగింది. చివర సున్నా ఉన్న వెర్షన్‌ను మొదటిరోజే వేసుకోవడంలో లాభమేమీ లేదు.

చిన్న అప్‌డేట్ల సంగతి దీనికి పూర్తిగా రివర్స్. చివర అంకె మాత్రమే మారిందంటే సాధారణంగా ఏదో కొంప మునిగే లోపాన్ని పూడ్చడానికి వచ్చిందని అర్థం, దాన్ని వాయిదా వేయకూడదు. ఇందుకు తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లు, ఐప్యాడ్‌లు ఒక తెలుగు అక్షరం దెబ్బకు కుప్పకూలాయి. జ్ఞ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు, ఆపైన దీర్ఘం, ఈ వరసలో వచ్చిన అక్షరాన్ని తెర మీద గీయబోయి సిస్టమ్ క్రాష్ అయ్యేది. ఎవరైనా మెసేజ్‌లో పంపితే మెసేజ్ యాప్ తెరుచుకోదు, నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పోతుంది. ప్రపంచమంతా ఆకతాయిలు అర్థం తెలియకపోయినా ఆ అక్షరాన్ని కాపీ చేసి ఒకళ్లకొకళ్లు పంపించుకున్నారు. ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి ఆపిల్ దాన్ని సరిచేసింది. కొత్త ఫీచర్ ఒక్కటీ లేని ఆ చిన్న అప్‌డేట్‌ను "తర్వాత చూద్దాం" అన్నవాళ్ల ట్యాబ్, ఆ తర్వాతా ఎవరు ఆ అక్షరం పంపినా కుప్పకూలేది.

సొంత ట్యాబ్‌లో ఈ నిర్ణయాలు మనవి. బడి, ఆఫీసు ఇచ్చిన ట్యాబ్‌లో కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. ఇలా మూకుమ్మడిగా ఇచ్చే ట్యాబ్‌లను సాధారణంగా ఒకచోట నుంచి అజమాయిషీ చేస్తారు. ఆ అధికారం ఉన్న అడ్మిన్ అప్‌డేట్‌ను రాత్రిపూట మాత్రమే వేసుకోమనొచ్చు, 30 రోజులు వాయిదా వేయొచ్చు, పరీక్షల సీజన్‌లో 90 రోజుల దాకా పూర్తిగా ఆపేయొచ్చు, ఆండ్రాయిడ్ 9 నుంచి ఆ వెసులుబాటు ఉంది. ఒక గడువుకూ ఇంకో గడువుకూ మధ్య 60 రోజుల ఖాళీ ఇవ్వాల్సిందే, ఎప్పటికీ ఆపేయడానికి గూగుల్ ఒప్పుకోదు. అలాంటి ట్యాబ్‌లో అప్‌డేట్ బటన్ పనిచేయట్లేదని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడం వృథా. రీసెట్ చేస్తే డేటా పోతుంది తప్ప ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నచోటే ఉంటుంది.

దొంగ అప్‌డేట్ల మాట కూడా చెప్పాలి. బ్రౌజర్‌లో ఏదో సైట్ తెరవగానే "మీ సిస్టమ్ పాతబడింది, అప్‌డేట్ చేయండి" అని ఎర్రగా మెరిసే పేజీ, లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఎక్కించే ఫైల్) రూపంలో వచ్చే "అప్‌డేట్", ఈ రెండూ అచ్చమైన మోసం. ఆండ్రాయిడ్ సిస్టమ్ అప్‌డేట్ ఏపీకే ఫైల్‌గా ఎవరూ పంపరు, అది సెట్టింగ్స్‌లోంచే వస్తుంది. ట్రాఫిక్ చలాన్ పేరుతో ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చే ముఠాలు మన దగ్గర తక్కువేం లేవు, పాత ప్యాచ్ ఉన్న ట్యాబ్ వాళ్లకు ఇంకా సులువు.

మరి అప్‌డేట్లు ఆగిపోయిన ట్యాబ్ ఏమవుతుంది? మర్నాడే ఏమీ కాదు. అంచెలంచెలుగా ఒక్కో తలుపు మూసుకుంటుంది. గూగుల్ ప్లే సర్వీసెస్ 2013 నాటి కిట్‌క్యాట్‌ను 2023 దాకా మోసింది, అంటే యాప్‌ల వైపు నుంచి పదేళ్ల దాకా ఊపిరి ఉంటుంది. వాట్సాప్ 2023 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ 5 కంటే పాతవాటిని వదిలేసింది. క్రోమ్ 2025లో ఆండ్రాయిడ్ 8, 9లను వదిలేసి 10 నుంచి పైవాటికే కొత్త వెర్షన్లు ఇస్తోంది. కొన్నిసార్లు తలుపు మూసేది యాప్ కూడా కాదు, సైట్ అసలైనదేనని ట్యాబ్‌కు రుజువు చేసే సర్టిఫికెట్. 2021 సెప్టెంబర్ 30న మిగతా సర్టిఫికెట్లకు మూలమైన ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు, ప్రపంచంలో కోట్ల సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లు ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ప్రత్యేక ఏర్పాటు చేసి ఉండకపోతే ఆండ్రాయిడ్ 7.1.1 కంటే పాత ట్యాబ్‌లలో ఆ సైట్లన్నీ "కనెక్షన్ సురక్షితం కాదు" అనేవి. ఆండ్రాయిడ్ 14 నుంచి ఈ సర్టిఫికెట్లను కూడా ప్లే ద్వారానే మార్చే వీలుంది, పాతవాటికి లేదు.

బ్యాంకు యాప్‌ల తలుపు అన్నిటికంటే ముందు మూసుకోవచ్చు. యాప్‌లు ట్యాబ్ నమ్మదగినదేనా అని ప్లే ఇంటిగ్రిటీ ద్వారా గూగుల్‌ను అడుగుతాయి; 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపైన ఉన్నవాటిలో అత్యున్నత స్థాయి గుర్తింపు కావాలంటే గత ఏడాదిలోపు సెక్యూరిటీ ప్యాచ్ ఉండితీరాలి. యాప్ ఆ స్థాయిని పట్టుబట్టి అడిగితే ట్యాబ్ ఎంత శుభ్రంగా వాడినా లాభం లేదు.

ఓపిక ఉన్నవాళ్లు లీనియేజ్‌ఓఎస్ లాంటి కస్టమ్ రామ్ (ట్యాబ్ కంపెనీ కాకుండా బయటివాళ్లు తయారుచేసిన ఆండ్రాయిడ్) ఎక్కించి పాత ట్యాబ్‌కు కొత్త ఆండ్రాయిడ్ తెచ్చుకుంటారు, కొన్ని మోడల్స్‌లో అది అద్భుతంగానే పనిచేస్తుంది. అందుకు బూట్‌లోడర్ అన్‌లాక్ చేయాలి, చేసిన క్షణం ట్యాబ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, బ్యాంకు యాప్‌లు మొండికేస్తాయి, వీడియో హక్కుల్ని కాపాడే వైడ్‌వైన్ భద్రత పై స్థాయి ఎల్1 నుంచి కింది స్థాయి ఎల్3కు పడిపోతే నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీలో రాదు. సినిమాల కోసమే ట్యాబ్ వాడే ఇంట్లో ఈ బేరం గిట్టదు. ఈబుక్స్ చదవడానికో, పాఠాల పీడీఎఫ్‌లకో అయితే గిట్టుతుంది.

అంత తంటా వద్దనుకునేవాళ్లకు సులువైన పద్ధతి, ప్యాచ్‌లు ఆగిపోయిన ట్యాబ్‌లోంచి బ్యాంకు, యూపీఐ యాప్‌లు తీసేసి, ఇంట్లో అందరి మెయిల్ ఉన్న అసలు గూగుల్ ఖాతా తప్పించి దానికంటూ వేరే ఖాతా ఒకటి పెట్టి, యాప్‌లను ప్లే స్టోర్ బయటి నుంచి ఎక్కించే అనుమతి ఆపేయడం. ఆ తర్వాత అది యూట్యూబ్, పాటలు, పీడీఎఫ్‌లతో ఇంకో రెండు మూడేళ్లు నడుస్తుంది, యాప్‌లు కూడా ఆగిపోయేదాకా.